ఆఫ్‌సైడ్ తెలిసిన అమ్మ

అమ్మకి నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. నువ్వడిగిన కుళాయి కూడా క్షేమమే, కారడం మానేసింది. దగ్గు తగ్గింది. కొత్త ఉద్యోగం ఏమిటో చెప్పనేలేదన్నావుగా, విను. దేశదేశాల్లో ఉన్న మన భాషవాళ్ళకి ఫోన్ చేసి, ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు చూస్తారా, ఎంతమంది కలిసి చూస్తారు అని అడిగి ఫారం నింపాలి. బంతి మొహం ఎరగనివాళ్ళు కూడా ఈ నెల్లాళ్ళూ టీవీకి అతుక్కుపోతున్నారు. ఒకావిడ కూర మాడుతోంది, తొందరగా అడగమంటూనే అరగంట సేపు ఆట గురించి చెప్పింది.

ఇక నీ సంగతికి వస్తాను. పోయిన ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి నడుం పట్టేసిందని రెండు ముక్కలు రాసి, మనవాళ్ళ గోలుని అన్యాయంగా ఆఫ్‌సైడ్ అని కొట్టేశారని పేజీన్నర రాశావు. మనవాళ్ళెవరమ్మా? నాన్న ఆట పెడితే, వాళ్ళు పరిగెత్తుతుంటే నాకు ఆయాసం వస్తోంది, కట్టెయ్యమన్నదానివి. ఆ ఆఫ్‌సైడ్ నియమం నా బుర్రకెక్కడానికే మూడు రోజులు పట్టింది, అదీ ట్రైనింగులో. నాన్న పోయిన పదకొండేళ్ళకి నీకు తెలిసిందంటే, ఓపిగ్గా చెప్పినవాళ్ళెవరో ఉండాలి. పైగా రెండు కప్పుల టీ పెట్టేలోపు గోలు పడిందని రాశావు. ఒక్కదానివే ఉండే గదిలో రెండో కప్పు ఎవరికి? నిప్పు లేనిదే పొగ రాదని నువ్వేగా అంటావు.

ఇప్పుడు తిట్టకుండా చదువు. మంగళవారం నీకు ఫోన్ చేసి ఫుట్‌బాల్ గురించి అడిగిన అమ్మాయిని నేనే. ముక్కు మూసుకుని, మేడమ్ మేడమ్ అంటూ మాట్లాడాను. మాకు నంబర్లు కంప్యూటరే ఇస్తుంది. నీది మాత్రం నేనే నొక్కాను.

ఎంతమంది కలిసి చూస్తారని అడిగితే, ఇద్దరమని తడుముకోకుండా చెప్పావు. రెండోవారు మీకేమవుతారన్న ప్రశ్న ఫారంలో లేదు. అయినా అడిగాను. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టిన చప్పుడైంది. అప్పుడన్నావు:

"ఇక్కడే వ్యాను నడుపుతారమ్మా. మంచాయన. మా అమ్మాయికి చెబుదామనే ప్రతి ఉత్తరం మొదలుపెడతాను, చివరికి ఆట గురించి రాసి మడిచేస్తాను. అది వద్దంటే ఆయన్ని రావద్దని చెప్పేస్తాను. నువ్వు మాత్రం ఇద్దరనే రాసుకో."

సాయంత్రం దాకా నీ మీద కోపంగానే ఉన్నాను. ఫోన్‌లో ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లకి చెప్పగలిగావు, నాకు చెప్పలేకపోయావు. ఇన్నేళ్ళూ ఒక్కదానివీ ఎలా ఉంటున్నావని నేనెప్పుడైనా అడిగానా అని తర్వాత తట్టింది. అడగలేదమ్మా. సిగ్గేసింది.

బంధువుల జవాబులు లెక్కలోకి రావని మా ఆఫీసు నియమం. అందుకే నీ ఫారం చించేశాను. ఇప్పుడు కూతురిగా అడుగుతున్నాను, ఆయన టీలో చక్కెర ఎంత వేసుకుంటారు? ఆయన మంచివాడన్న నీ మాట నేను నమ్మను, నా కళ్ళతో చూసి తేల్చుకోవాలి. ఫైనల్‌కి సెలవు పెట్టాను, వస్తున్నాను. ఆయన్ని రావద్దని మాత్రం అనకు. ఆ రోజు మూడు కప్పులు పెట్టు.

ఇట్లు,
ముక్కు మూసుకుని మాట్లాడిన
నీ కూతురు