తునికాకు కొలత కిటికీలు

గాజుల అఖిలేశ్ అనే నేను, పండరి, సత్యమ్మల కొడుకును, ఇరవై ఆరేళ్లవాణ్ని, బాన్సువాడలో ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేసి బతికేవాణ్ని, ఈ వీలునామాను నా సొంత దస్తూరితో, నా ఇష్టపూర్వకంగా రాస్తున్నాను. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. నా బుద్ధి స్థిమితంగా ఉంది. ఈ ఒక్క వాక్యం మీద మా నాయినకు అభ్యంతరం ఉంది. "వానికి బుద్ధి స్థిమితంగ ఎన్నడుండె?" అని అమ్మను అడిగాడు. ఆయన అభ్యంతరాన్ని నమోదు చేశాను. వాక్యాన్ని మాత్రం కొట్టేయడం లేదు.

కారణం ఇది. వచ్చే గురువారం హైదరాబాద్ దవాఖానలో నా గుండెలో ఒక కవాటం మారుస్తారు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం దాన్ని పాడు చేసిందట. డాక్టరమ్మ ఫికర్ చేయవద్దన్నది. చేయడం లేదు. కానీ మార్కెట్ యార్డు ముందు పంచిన న్యాయ అవగాహన కరపత్రం ఒకటి నా దగ్గరుంది. వీలునామా ముసలివాళ్లకూ ధనవంతులకూ మాత్రమే అనుకోవడం పొరపాటని అందులో ఉంది. నేను కరపత్రాలు చదివి పెరిగినవాణ్ని. బీడీ కార్మికుల హక్కుల మీద, నేత్రదానం మీద, గ్రహణం నాడు అన్నం తినవచ్చనే దాని మీద, దొరికిన ప్రతిదీ చదివాను, నమ్మాను, నమ్మనివాళ్లతో తగవు పెట్టుకున్నాను. ఈ ఒక్క కరపత్రాన్నయినా తగవు లేకుండా అమలు చేయాలని ఉంది.

అందులోనే ఇంకో షరతు ఉంది. నేను సంతకం చేస్తుంటే ఇద్దరు సాక్షులు ఎదుట నిలబడి చూడాలి, నా ముందే వాళ్లూ సంతకం చేయాలి. నా ఆస్తి అంతా 'అట్టబస్సుల అడ్డా' అనే వెబ్‌సైటులో సంపాదించింది. కాబట్టి ఆ ఇద్దరూ అడ్డా మనుషులే కావాలని నిశ్చయించుకున్నాను. ఆదివారం వరకు చూస్తాను. రాకపోతే ఈ కాగితం చెల్లదు. చెల్లకపోనీ.

1. ఆస్తి వివరం. నాకు భూమి లేదు, ఇల్లు లేదు, ఉన్న ఇల్లు కిరాయిది. నాకున్నవి: నా చేత్తో చేసిన అట్టబస్సులు పదకొండు, సగం అయిన బస్సు ఒకటి, కోత కత్తులు, స్టీలు స్కేలు, రంగు డబ్బాలు, ఫోను. ఫ్లెక్సీ షాపులో మిగిలిపోయిన సన్‌బోర్డు అనే మందం అట్ట ముక్కలను పారేయకుండా నా కోసం పక్కన పెట్టిన మా సేటు రాజేంద్రప్రసాద్ గారికి ఈ బస్సులన్నిటి తరఫున కృతజ్ఞతలు. నా ముందు ఎప్పుడూ "పిల్లల ఆటలేందిరా" అనేవాడు. నేను లేనప్పుడు గిరాకీలకు నా బస్సులు చూపించేవాడని తెలిసింది.

2. నా కళ్లు. నేత్రదాన ఫారం ఇదివరకే నింపాను. అమ్మ అడ్డం పడకూడదని కోరుతున్నాను. నా కళ్లతో ఎవరైనా బస్సు బోర్డు దూరం నుంచే చదివితే నాకంతే చాలు.

3. నా ఫోను, కోత కత్తులు, రంగులు మా అక్క వందనకు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. ఇంట్లో నాతో గట్టిగా మాట్లాడి గెలిచిన మనిషి ఆమె ఒక్కతే.

4. జగిత్యాల వాస్తవ్యులు, రిటైరైన డ్రాయింగు మాస్టారు సాంబమూర్తి సారుకు నా పదకొండు బస్సులూ దఖలుపరుస్తున్నాను. ఆ సారే అడ్డా పెట్టింది. అట్టతో, సన్‌బోర్డుతో బస్సు బొమ్మలు చేసే పిచ్చి ఉన్నవాళ్లం తెలంగాణ అంతటా, సరిహద్దు దాటి మహారాష్ట్రలో కూడా, ఎవరి మూల వాళ్లం కూర్చొని చేసుకునేవాళ్లం. మా అందరికీ ఒక వెబ్‌సైటు చేసి పెట్టాడు. ఇంటర్ తప్పి, ఎవరి ముఖం చూడబుద్ధి కాని రోజుల్లో నేను మొదటి బస్సు ఫోటో పెట్టాను. వంకర బస్సు. ఎవరూ నవ్వలేదు. సారు రాసిన జవాబు నాకు నోటికి వచ్చు: "బస్సు మంచిగున్నది బాబూ. డ్రైవర్ ఎట్ల ఎక్కుతడు మరి? తలుపు పెట్టుడు మర్సినవ్." అలా తలుపు పెట్టడం నేర్చుకున్నాను. ముందు మెచ్చుకొని తర్వాత తప్పు చెప్పడం కూడా అక్కడే చూశాను. అది మాత్రం నాకు రాలేదు.

అడ్డాలో ఒకే ఒక్క కట్టుబాటు ఉండేది. నీ బస్సు బోర్డు మీద నీ ఊరు రాసుకోవద్దు, అడ్డాలో ఇంకొకరి ఊరు రాయాలి. ఇది సారు పెట్టిన రూలు. నేను ఎన్నడూ పోని ఊళ్ల పేర్లు నా చేతితో అక్షరం అక్షరం రాశాను. నేను ఎన్నడూ చూడని ఇళ్లలో, టీవీల పక్కన, 'బాన్సువాడ' అని బోర్డు పెట్టుకున్న బస్సులు నిలబడి ఉన్నాయి. ఒకసారి ఆయాసం వచ్చి నిజామాబాద్ దవాఖానలో పడి ఉంటే బోధన్ నుంచి ఒకాయన టిఫిన్ డబ్బాతో వచ్చాడు. అనిల్‌కుమార్ ఆయన పేరు. అంతకు ముందు మేం ఒకరినొకరం చూసింది లేదు. "నువ్వు మా ఊరు బస్సు నడిపిస్తున్నవ్. నిన్ను ఉపాసం ఎట్ల ఉంచుతం?" అన్నాడు. మా నాయిన ఇప్పటికీ ఆయన్ను మా చుట్టమనే అనుకుంటున్నాడు. నేను సరిదిద్దలేదు, దిద్దను.

5. కిటికీల సంగతి. ఇది ఆస్తి కాదు, చరిత్ర. కానీ దీని మీద తగాదా ఉన్నది కాబట్టి రాయాలి.

బస్సు బొమ్మలో అన్నిటికన్నా కష్టం కిటికీలు. వరుసగా కోయాలి, ఒక్కటి వంకరైతే బస్సు మొత్తం మెల్లకన్ను పెట్టినట్టు ఉంటుంది. మా అమ్మ బీడీలు చేస్తుంది. తునికాకు కత్తిరించడానికి ఆకు మీద పెట్టే చిన్న రేకు ముక్క ఒకటి ఆమె చాటలో ఉంటుంది. ఒకనాడు ఆ రేకునే సన్‌బోర్డు మీద పెట్టి గీసి, కోశాను. కిటికీలన్నీ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. అడ్డా అంతా కొలత అడిగింది. కాగితం మీద గీసి అడిగినవాళ్లందరికీ పోస్టులో పంపాను. కొన్నాళ్లకు అడ్డాలో ప్రతి బస్సుకూ మా అమ్మ రేకు కొలత కిటికీలే.

అప్పుడు దెగ్లూర్ దేవిదాస్ లేచాడు. ఈయన మరాఠీ తెలుగు కలిపి రాసే మనిషి, కొలతల మనిషి. "అరే బాబా, ఈ కిటికీ అసలు లెక్కకంటె పెద్దగున్నది. గింత కిటికీ ఉంటే పాసింజర్ కూసున్నోడు కూసున్నట్టే రోడ్డు మీద పడ్తడు" అని రాశాడు. లెక్క వేసి చూస్తే ఆయన అన్నది నిజమే. కానీ అది మా అమ్మ రేకు. నేను ఆయనను అందరి ముందు 'కొలబద్ద' అన్నాను. ఇంకా కొన్ని అన్నాను, కరపత్రాల భాషలో. ఆయన నాతో మాట మానేశాడు. అడ్డా మాత్రం ఆ తప్పు కిటికీలను మార్చలేదు. ఎక్కడ ఏ ఫోటో చూసినా, ఆ పెద్ద కిటికీలను బట్టి, ఇది మనవాళ్ల బస్సు అని తెలిసిపోయేది.

6. తరువాత జరిగింది. ఫోనులో ఒక పెద్ద గ్రూపు వచ్చింది. అడ్డాలో ఉన్నవాళ్లందరూ ఒక్కొక్కరే అందులోకి పోయారు. నేనూ పోయాను. అక్కడ వేలమంది ఉన్నారు. బస్సు పెడితే నిప్పు బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వస్తాయి. తలుపు మర్చిపోయినా వస్తాయి. బోర్డు మీద ఎవరి పేరు వాళ్లు, ఎవరి ఫోన్ నంబరు వాళ్లు రాసుకుంటున్నారు. పెద్ద కొడప్‌గల్ నుంచి భవిత అనే డిగ్రీ చదివే అమ్మాయి, "కిటికీలు సమానంగ ఎట్ల కొయ్యాలె అన్నా, ఎవరన్న చెప్పుండ్రి" అని అడిగింది. వచ్చిన జవాబులు: వీడియో చూడు, ఇన్‌బాక్స్‌కు రా, ఆర్డర్ పెట్టు. నేను రేకు గీసి ఫోటో పెట్టి, కింద ఆ జవాబులు ఇచ్చినవాళ్ల గురించి కూడా నాలుగు మాటలు రాశాను. గ్రూపు నడిపేవాళ్లు నన్ను తీసేశారు. వారం తర్వాత మా అక్క వేరే నంబరుతో మళ్లీ చేరాను.

ఆ గ్రూపులో పెద్ద పేరున్న యశస్వికి నా సగం వాడిన గరుకు కాగితం ఇస్తున్నాను. బొమ్మలు అమ్ముకోవడం తప్పని నేను అనను. మా అమ్మ బీడీలు అమ్ముకోవడానికే చేస్తుంది. అడిగినవాళ్లకు చెప్పకపోవడం తప్పు. అయితే హెడ్‌లైట్లకు చిన్న దీపాలు ఎలా పెట్టాలో అడ్డా రోజుల్లో నాకు ఫోనులో పొద్దంతా ఓపికగా చెప్పింది ఈ యశస్వే. ఆ పొద్దుకు కృతజ్ఞతలు. గరుకు కాగితం దేనికో ఆయనకు అర్థమవుతుంది.

7. దెగ్లూర్ దేవిదాస్‌కు నా స్టీలు స్కేలు. కోపంతోనే ఇస్తున్నాను. కానీ మంచి స్కేలు.

8. పెద్ద కొడప్‌గల్ భవితకు తునికాకు రేకు.

9. సగం అయిన బస్సుకు బోర్డు ఖాళీగా ఉంది. ఏ ఊరు రాయాలో తెలియక ఆగాను. అడ్డా వెబ్‌సైటు ఇంకా తెరిచే ఉంది. సాంబమూర్తి సారు దాన్ని మూయలేదు. కానీ అందులో మిగిలింది ఆయనా, నేనూ మాత్రమే. ఆయన చివరగా రాసింది: "ఎవరన్న ఉన్నరా?" నేను "ఉన్న సార్" అని రాశాను. ఇద్దరమే ఉన్న చోట ఎన్నిసార్లని జగిత్యాల రాసుకోవాలి?

10. సాక్షుల సంగతి. బుధవారం గ్రూపులో ఇలా పెట్టాను: "వచ్చే గురువారం ఆపరేషన్. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలె. ఆదివారం బాన్సువాడ రండి, చాయ్ నాది." దండాల బొమ్మలు వచ్చాయి, గుండె బొమ్మలు వచ్చాయి. ఒకడు పూలదండ బొమ్మ పెట్టాడు. వస్తానని ఎవరూ అనలేదు. సాంబమూర్తి సారు ఫోన్ చేశాడు: "మోకాళ్లు బస్సు ఎక్కనిస్తలేవు బాబూ. లేకుంటె నిన్ననే వచ్చి కూసుందును." అమ్మ శనివారం దాకా ఓపిక పట్టి, ఇగ అందుకుంది: "ఏందిరా నీ లొల్లి? గల్లీల ఎవల్ని పిలిచినా వచ్చి సంతకం పెట్టి, రొండు మంచి మాటలు చెప్పి పోతరు. కండ్లతోని చూడనోళ్ల కోసం బజాట్ల నిలవడ్తవా?"

నిలబడతాను అన్నాను. ఇక్కడి వరకు రాసి, చోటు వదిలి, ఆదివారం పొద్దున బస్టాండుకు పోయాను.

చేర్పు (ఆదివారం, అదే కాగితాల మీద, అదే దస్తూరి)

దెగ్లూర్ బస్సు వచ్చింది. ఆ బోర్డు నేను ఎన్నోసార్లు రాసినదే. నిజం బోర్డు మీద అక్షరాలు నా అంత గుండ్రంగా లేవు. అందులోంచి తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి దిగి, చుట్టూ చూసి, నన్ను అడిగాడు: "ఇక్కడ అఖిలేశ్ అని, బాగ తిట్టే పోరడు ఎవరు?"

నేనే అన్నాను. దేవిదాస్ నన్ను పైనుంచి కింది దాకా కొలిచి, "గింతే ఉన్నవా? రాతల చాన పెద్దగ కనపడ్తవ్ గదా" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి గడపలో చెప్పుల జత ఉంది. భవిత అప్పటికే అమ్మ పక్కన కూర్చొని ఆకు ఎలా కత్తిరించాలో చూస్తున్నది. "నువ్వు జవాబు చెప్పినందుకే గదా అన్నా నిన్ను గ్రూపుల కెల్లి తీసేసిన్రు. నేను రాకుంటె ఎట్ల?" అన్నది. ఈమె అడ్డా చూడలేదు, అయినా అడ్డా మనిషే అని నమోదు చేస్తున్నాను.

చాయ్ తాగాక దేవిదాస్ సంచిలోంచి ఒక బస్సు తీసి చాప మీద పెట్టాడు. బోర్డు మీద 'బాన్సువాడ' అని ఉంది. రంగు కొద్దిగా వెలిసింది. కిటికీలు పెద్దవి. నేను చూసిన మొదటి చూపుకే తెలిసింది, అవి మా అమ్మ రేకు కొలత కిటికీలు.

"గొడవైన ఏడాదే చేసిన. మల్ల తిడ్తవని పెట్టలే" అన్నాడు. కొలత తప్పన్నది మీరే కదా అని అడిగాను. "తప్పే. ఇయ్యాల్టికీ తప్పే అంట. కని అడ్డా అందరు ఒక్క తప్పు చేస్తుంటె నేనొక్కన్నే సరిగ్గ కోసుకొని ఏం జేసుకోవాలె?"

ఈ తగవు ఆయనే గెలిచాడు. మా నాయిన దీన్ని కూడా నమోదు చేయమన్నాడు. చేశాను.

ఇప్పుడు చట్టం సంగతి. లబ్ధి పొందేవాళ్లు సాక్షులుగా ఉండకపోవడమే మంచిదని కరపత్రం అంటుంది. ఏడో క్లాజులో దేవిదాస్, ఎనిమిదిలో భవిత ఉన్నారు. వాళ్లకు చదివి వినిపించాను. స్కేలు కావాలా, సంతకం కావాలా అని నేను ఇంకా అడుగుతూ ఉండగానే, "పెన్ను ఇటియ్యి" అన్నాడు దేవిదాస్. భవిత కూడా తల ఊపింది.

కాబట్టి 7, 8 క్లాజులను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. గీత కొట్టిన చోట నా పొడి సంతకం ఉంది. గీత కింది రాత కనిపించేలాగే కొట్టాను. వాళ్లు ఏం వదులుకున్నారో చదివేవాళ్లకు తెలియాలి.

స్టీలు స్కేలు వందనకే.

9వ క్లాజులోని బస్సుకు ముందు బోర్డు మీద 'దెగ్లూర్', వెనుక బోర్డు మీద 'పెద్ద కొడప్‌గల్' అని ఇప్పుడే, వాళ్లు చూస్తుండగా రాశాను. రంగు ఇంకా ఆరలేదు. నాకేమైనా అయితే ఈ బస్సు కూడా సాంబమూర్తి సారుకే చేరాలి. ఎవరన్న ఉన్నరా అని ఆయన అడిగినదానికి ఇది జవాబు. దీనికి తలుపు ఉంది.

రేకు గురించి. కొట్టేసిన ఎనిమిదో క్లాజు వినగానే చాటలోంచి తల ఎత్తకుండా అమ్మ అన్నది: "గా రేకు నాది. నా రేకు నువ్వెట్ల రాసిస్తవ్‌రా?" చట్టం ప్రకారం ఆమె మాటే చెల్లుతుంది. నాది కానిది నేను ఇవ్వలేను. రేకు ఆమె చాటలోనే ఉంటుంది. దాని కొలత కావలసినవాళ్లు ఎవరైనా, ఆఖరుకు యశస్వి అయినా, ఫోటో అడగవద్దు. బాన్సువాడ వచ్చి, మా ఇంట్లో కూర్చొని, కాగితం మీద గీసుకొని పోవాలి. చాయ్ అమ్మ పెడుతుంది. నేనుంటే నేనే పెడతాను.

నేను బతికి ఉన్నంత కాలం దీన్ని మార్చుకునే హక్కు నాకుంది. మార్చాలనే ఉంది, చాలాసార్లు.

బాన్సువాడ, 9 నవంబర్ 2025, ఆదివారం.

(సంతకం) గాజుల అఖిలేశ్

అఖిలేశ్ మా కండ్ల ముందు సంతకం చేసినాడు, ఆయన ముందు మేము చేసినాము.

సాక్షులు:
1. దేవిదాస్, దెగ్లూర్. ఈ వీలునామాలో నాకు ఏమీ రాదు.
2. భవిత, పెద్ద కొడప్‌గల్. నాకు కూడా. కొలత మాత్రం గీసుకున్నాను.