తొమ్మిదిమందికి తెరవని సీసా

జిల్లా ఆరోగ్యాధికారి గారి సముఖమునకు వంతెన వీధి చివరి కొట్టులో బట్టలు కుట్టు దర్జీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా వీధికి వచ్చి, మూత తీయకనే తిరిగిపోవుచున్న టీకా సీసాను తెరిపించుట గురించి.

1. సీసాలో పది మోతాదులున్నందున, పదిమంది హాజరైతే తప్ప మూత తీయరాదని, ఒక్క మోతాదు కూడా వృథా కారాదని తమరు సెలవిచ్చియున్నారు. మా వీధి వంతు గురువారము. నలభై అయిదు నిండినవారు సరిగ్గా పదిమంది. మొదటి గురువారము తొమ్మిదిమంది వచ్చిరి. వారిలో ఆయాసపు మనిషి అయిన నా భార్య ఒకతె. పదవవాడైన ఇస్త్రీ తాత సూదికి భయపడి రాలేదు. నాకు రెండు నెలల వయసు తక్కువ. "నన్ను లెక్కేసుకోమ్మా, రెండు నెలలేగా" అని నర్సమ్మను బతిమాలితిని. "నా చేతుల్లో ఉంటే నీ కుట్టుమిషనుకి కూడా వేసేదాన్నన్నా. కంప్యూటరు ఒప్పుకోదు" అన్నది. ఆమెపై నాకు ఫిర్యాదు లేదు.

2. రెండవ గురువారము తాతను నేనే చేయిపట్టుకొని తీసుకొనిపోతిని. పదిమంది అయిరి. నర్సమ్మ సీసా చేతిలోకి తీసుకొనగానే తాత లేచి, "ఇస్త్రీ పెట్టె ఆపానో లేదోరా" అని ఇంటికి పరుగెత్తినాడు. ఆపియే ఉన్నది. ఆయన తిరిగి వచ్చుసరికి వేళ మించినదని మందు పెట్టె జీపు ఎక్కినది. ఆ వారమే కూతురు వచ్చి తాతను తన ఊరికి తీసుకొనిపోయినది.

3. వంతెన అవతల వేరే రాష్ట్రము. మా అక్క అక్కడ ఉన్నది. అదే మందు, అదే సీసా. అక్కడ ముగ్గురు వచ్చినా తెరిచెదరు. పాతికేళ్లవారికి కూడా అయిపోయినది. "మా వైపు మందు మిగిలితే పారబోస్తార్రా. మనుషుల్ని పారబోయరు" అన్నది అక్క. నా భార్యను స్కూటరుపై తీసుకొనిపోతిని. కార్డు మీద చిరునామా ఈ వైపుదని తిప్పి పంపిరి. వచ్చుచుండగా వంతెన మధ్య ఆవిడకు ఊపిరాడక ఆగితిమి. "పోన్లే, వచ్చే గురువారం ఎవరో ఒకరు దొరక్కపోరు" అన్నది.

4. దొరకలేదు. మూడవ గురువారము తొమ్మిదిమందే. నాలుగవ గురువారము మొదలు ఎనిమిదిమందే. జ్వరము వచ్చిన ఆరవనాడు ఆసుపత్రి వరండాలో నా భార్య పోయినది.

ఒక్క మోతాదూ వృథా చేయనందుకు తమకు మెచ్చుకోలు పత్రము వచ్చినదట. తమ కార్యాలయపు గోడకు అద్దము కట్టించి పెట్టినారు, చూచితిని. సిగ్గుండాలయ్యా. ఆవిడ కాజాలు తీయవలసిన చొక్కాలు ఏడు నా బల్ల మీద అట్లే ఉన్నవి. ఎవరు తీస్తారు, తమరు వస్తారా?

5. నిన్నటితో నాకు నలభై అయిదు నిండినవి. ఆ ఎనిమిదిమందికి నేను కలిసితే, మళ్లీ తొమ్మిదిమందిమి.

కావున ఈ గురువారము తొమ్మిదిమందికే సీసా తెరిపించవలెను. ఈ అర్జీని కట్టలో తోయక, చివరిదాకా చదివి చిత్తగించవలెను.

ఇంతవరకు తమ విధేయుడు,
దర్జీ

తా.క.: మిగిలిన పదో మోతాదు ఎవరి పేరున రాయాలని మీ గుమస్తా అడిగితే, నా భార్య పేరున రాయమనండి. జాబితాలో ఆవిడ పేరు ఇంకా కొట్టెయ్యలేదు, నేను చూశాను. మూడు గురువారాలు వచ్చి కూర్చున్న మనిషి. ఆ మందు ఆవిడదే.