నోరు తెరిచిన ఆదివారాలు

ఆదివారం, భోజనమయ్యాక

ఈ రోజు ఆరాధన మధ్యలో మా ఆవిడ నా పక్కనుంచి లేచి ముందు వరసకి వెళ్లిపోయింది. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. నా నేరం: పాటల బృందం పాడుతుంటే చేతులు కట్టుకుని కూర్చుని, ఇటుపక్కనున్న ఎలక్ట్రీషియన్‌తో పదికి నాలుగు మార్కులన్నాను. గుసగుసగానే అన్నాను. నా గుసగుస మూడు బెంచీలకు వినబడితే నేనేం చేయను?

ఇంటికొచ్చాక ఒక్క మాటే అంది.

"మీరు ఆరాధించడానికి రావట్లేదు, చూడ్డానికి వస్తున్నారు. నోరు తెరిచి పాడిన రోజు పక్కన కూర్చుంటాను."

ఆవిడ ఖాళీ చేసిన చోట ఎలక్ట్రీషియన్ తన హెల్మెట్ పెట్టాడు. హెల్మెట్ పక్కన ముసలితనం వెళ్లదీయడం నావల్ల కాదు. అంచేత నిర్ణయం! పాడతాను. పైకి ప్రార్థిస్తాను. ఆమెన్ అంటాను. అదేమన్నా బ్రహ్మవిద్యా?

సోమవారం, నా మెకానిక్ షెడ్డులో

సాధన మొదలు. స్కూటరు ఇంజను రేజ్ చేస్తూ ఒక కీర్తన ఎత్తుకున్నాను. బండి ఓనరు పరుగెత్తుకొచ్చాడు. బ్రేకు ఒక్కటే చూడమన్నాను కదా, ఇంజనెందుకు పాడుచేశావని గొడవ. సంగీతం తెలియని మనిషి.

బుధవారం, కూడిక నుంచి వచ్చి

ఇంటి కూడికలో ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేస్తారు. నా వంతు రాగానే ఎప్పుడూ దగ్గొస్తుంది. ఈసారి రానివ్వలేదు. లోకశాంతి, రోగులు, ప్రయాణికులు. ఊపొచ్చింది. మా ఇంటి ఓనరు గుండె కరిగించి, కారుతున్న బాత్రూమ్ కప్పు బాగు చేయించు తండ్రీ అన్నాను. ఆయనా అక్కడే కళ్లు మూసుకుని ఉన్నాడన్న సంగతి నేను కళ్లు తెరిచాక తెలిసింది.

గట్టిగా ఆమెన్ అన్నది ఎలక్ట్రీషియన్ ఒక్కడే. వాడూ ఆయన ఇంట్లోనే అద్దెకుంటాడు.

ఆదివారం, మధ్యాహ్నం

కిటుకు దొరికింది. పాస్టరుగారు ఊపిరి తీసుకునే చోట హల్లెలూయ పడాలి. వాక్యం చెబుతున్నంతసేపూ అతికినట్టు పడింది. ఆయన నా వైపు చూసి తలూపారు కూడా. మా ఆవిడ వెనక్కి తిరిగింది. నవ్విందని ఒట్టేయలేను గానీ మొహం కాస్త సడలింది.

తర్వాత ప్రకటనలు.

"మన టైలరు తాతగారు నిన్న ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు," అని పాస్టరుగారు ఊపిరి తీసుకున్నారు.

"హల్లెలూయ!"

రెండు చేతులూ పైకెత్తి మరీ అన్నాను. దించడం ఎలాగో తెలియలేదు.

సోమవారం

అయినా నా తప్పేముంది? పరలోకానికి వెళ్లడం శుభవార్తే కదా. ఈ మాటే మా ఆవిడతో అంటే, కంచం నా ముందు పెట్టి అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

బుధవారం

గొంతు నొప్పి. కూడికకి వెళ్లలేదు. నిజానికి నొప్పి గొంతులో లేదు.

శనివారం

నోరు మూసుకున్నవాడి వల్ల ఏ సంఘానికీ నష్టం లేదు. అందరూ పాడితే వినేదెవరు? రేపట్నుంచి వెనక బెంచీ, హెల్మెట్, నేను.

ఆదివారం, సాయంత్రం

గుమ్మంలోనే దొరికిపోయాను. టైలరు తాత భార్య, మామ్మ. వారం తిరగ్గానే ఒంటరిగా వచ్చింది.

"హల్లెలూయ అన్నది నువ్వేనట కదరా?"

"నేనే మామ్మా," అన్నాను నేల చూస్తూ.

"గొంతు గట్టిదేనన్నమాట. రా, నా పక్కన కూర్చో. నాకు అక్షరాలు ఆనవు. ఆయన ముందు లైను చదివేవారు, నేను పాడేదాన్ని."

మధ్య బెంచీలో కూర్చున్నాం. నేను లైను చదవడం, ఆవిడ పాడటం. రెండు చరణాలు బాగానే నడిచాయి. మూడోదానికి ఆవిడ గొంతు పూడుకుపోయింది. నేనూ ఆపేస్తే ఆవిడ అక్కడే ఉండిపోతుందనిపించింది. అందుకని నాకొచ్చిన కూతే కూస్తూ ముందుకెళ్లాను. కంగారులో రెండు పేజీలు కలిపి తిప్పేశాను. వెనక బెంచీలోంచి గాజుల చెయ్యొకటి వచ్చి, ఒక పేజీ వెనక్కి తిప్పింది. మా ఆవిడ ఏ వరసలో ఉందో చూసుకోవడం ఈ రోజు మర్చేపోయాను.

ఆఖరి చరణం మామ్మ మళ్లీ అందుకుంది.

దారిలో, పాడాను చూశావా అన్నాను.

"పాడలేదు, చదివారు," అంది మా ఆవిడ. "రాగం ఎక్కడుంది అందులో?"

సోమవారం

మళ్లీ మొదలు! ఈసారి రాగంతో సహా. సాయంత్రం వంటింట్లో మా ఆవిడే పాఠం పెట్టింది. మొదటి లైను దాటేలోపు పాలు పొంగిపోయాయి. శ్రుతి వినబడాలంటే ఇంకాస్త దగ్గరకొచ్చి నిలబడమంది. నిలబడ్డాను. అయినా వినబడలేదన్నాను.

రేపు కూడా వినబడకుండా చూసుకోవాలి.