నాలుగు చుట్లు ఎందుకు?

జూన్ 2, సోమవారం
ఉదయం 5.40. కొత్త నోట్‌బుక్, కొత్త పెన్ను, కొత్త మహిత!
తీర్మానం: ఎందుకో తెలియకుండా విమానం మీద ఏ పనీ చేయను. ముప్ఫై రోజులు. ఒట్టు!
కారణం: మా ఫ్లయింగ్ స్కూల్ ముసలి రెండు సీట్ల విమానం. స్టూడెంట్లం పెట్టుకున్న పేరు కుప్పమ్మ. ఎక్కే ముందు పంపుతో ఇంజన్‌లోకి రెండుసార్లు పెట్రోలు కొట్టి, ప్రొపెల్లర్‌ను చేత్తో నాలుగు చుట్లు తిప్పాలి. ఎందుకని మునిప్రసాద్ సార్‌ను అడిగాను.
"మా సార్ తిప్పినాడు, నేను తిప్పతా ఉండా, నువ్వూ తిప్పు."
మూడు తరాల విజ్ఞానం మూడు ముక్కల్లో!
16న నా సోలో. అంటే పక్కన సార్ లేకుండా ఒక్కదాన్నే ఎగరాలి. దానికి సంతకం పెట్టేదీ ఆ సారే. అయినా అడుగుతాను. భయమా, నాకా?

జూన్ 3
దొరికింది, ఇంజన్ల పుస్తకంలో! పాతకాలం ఇంజన్లలో సిలిండర్లు గుండ్రంగా చుట్టూ ఉండేవట. కింది వాటిలో నూనె దిగి నిలిచేదట. అందుకని తిప్పేవాళ్లు. కుప్పమ్మకు ఉన్నవి నాలుగే సిలిండర్లు, నాలుగూ పక్కకు పడుకునే ఉంటాయి. కింది సిలిండరే లేదు! పైగా చేత్తో తిప్పడం ప్రమాదమని కూడా రాసి ఉంది.
పుస్తకం తీసుకెళ్లి సార్‌కు చూపించాను. అద్దాలు పెట్టుకున్నారు, తీశారు.
"ఈ బుక్కు రాసినోడు రేణిగుంట ఎండలో ఎప్పుడన్నా ఎగిరినాడా?"
లేదనే చెప్పాను.

జూన్ 5
విచారణ జోరుగా సాగుతోంది.
ట్యాంకులో పుల్ల ముంచి పెట్రోలు చూడటం: మీటరు అబద్ధాలాడుతుంది కాబట్టి. ఉంచాను.
మీటరు మీద గోరుతో మూడు దెబ్బలు: కారణం దొరకలేదు, జాబితాలోంచి కొట్టేశాను.
ఇంజన్ ఆపే ముందు తాళం ఒక్క క్షణం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయడం. ఎందుకు సార్?
"చేయల్ల, అంతే."
జవాబు పుస్తకంలో ఎక్కడో ఉండే ఉంటుంది. నలభై పేజీలు. బయట నలభై డిగ్రీలు. కొట్టేశాను.

జూన్ 8
నగరిలో ఉన్న నాయనకు ఫోన్ చేశాను. వెనక మరమగ్గాల చప్పుడు. స్విచ్ వేసే ముందు మగ్గానికి దండం ఎందుకు పెడతావు అని అడిగాను.
"నీకు ఫోన్ సేసినప్పుడల్లా తిన్నావా అని ఎందుకడగతా? అందుకే."
దీన్ని ఏ పేజీలో వెతకాలి?

జూన్ 11
మూడు రోజులుగా పుస్తకం తెరవలేదు. తప్పు నాది కాదు. బంగారుపాళ్యం నుంచి అత్త మామిడిపండ్ల పెట్టె పంపింది. పండ్లు ఆగవు, పుస్తకం ఆగుతుంది.

జూన్ 13
ఈరోజు నా రోజు! ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించడానికి రెండు మాగ్నెటోలుంటాయి. ఎగిరే ముందు ఒకదాన్ని ఆపి చూస్తే ఇంజన్ వేగం కాస్త పడిపోవాలి. తర్వాత రెండోదాన్ని. ఎంత తక్కువ పడితే అంత గొప్ప అని మా స్కూల్‌లో లెక్క. కుడిది ఆపితే డెబ్భై పడింది. ఎడమది ఆపితే? సున్నా! ముల్లు కదల్లేదు!
"శభాష్! ఇంజన్ బంగారం!" అన్నారు సార్.
మొహమాటపడుతూ నవ్వాను. ఇంజన్‌ను నేనే కన్నట్టు.

జూన్ 14
సార్ పిలిచారు. "సోమవారం సోలో. నా పద్ధతిలో సేస్తేనే సంతకం. నాలుగు సుట్లు. సరేనా మ్మా?"
సరే సార్. నాలుగేం ఖర్మ, ఎనిమిది తిప్పమన్నా తిప్పుతాను.
తీర్మానం వయసు పన్నెండు రోజులు.

జూన్ 16
ఉదయం 6.10. పెట్రోలు రెండుసార్లు కొట్టాను. తాళం ఆఫ్. ఒక చుట్టు. రెండు. మూడోది...
ధన్!
ప్రొపెల్లర్ తనంతట తాను తిరిగింది. రెక్క నా ముఖం ముందు నుంచి పోయింది. టోపీ ఎగిరి అంత దూరాన పడింది, అంచు తెగి. అర క్షణం ముందు ఆ రెక్క మీద నా చెయ్యి ఉంది.
నేల మీద కూలబడి ఏడ్చాను. సార్ పరుగున వచ్చి లేపారు.

7.30. మా ఇంజనీర్ పంకజాక్షి మేడమ్ ఇంజన్ మూత తీసి చూశారు.
"ఎడమది ఆపితే వేగం ఎంత పడింది?"
"సున్నా మేడమ్."
"సున్నా అంటే గొప్ప కాదు మ్మా. అది ఆగనే లేదని. దాన్ని ఆపే వైరు తెగిపోయిండాది. తాళం ఆఫ్ చేసినా అది బతికే ఉంటాది, చేత్తో తిప్పితే సాలు నిప్పురవ్వ పుడతాది. ఆపే ముందు తాళం ఆఫ్ చేసి సూడలేదా? ఆఫ్ చేసినా ఇంజన్ తడబడకుంటే అప్పుడే తెలిసిపోయుండేది గదా!"
"ఆ చెక్ కొట్టేశాను మేడమ్."
సార్ తల దించుకున్నారు. "కొట్టేసింది తను గాదు. ఎందుకని అడిగినప్పుడు నాకే తెలీకపాయ. ముప్పై ఏండ్లుగా సేస్తా ఉండా, ఒక్కసారి అడగలేదు."
ఆయన అడగలేదు. నేను అడిగాను, జవాబు వెతకలేదు. పనికిరాని చుట్లు తిప్పాను, ప్రాణం కాపాడే చెక్ కొట్టేశాను. సిగ్గుగా ఉంది.

జూన్ 24
సోలో!! ఏడు నిమిషాలు. పక్క సీటు ఖాళీ, కింద స్వర్ణముఖి ఏటి ఇసుక. గట్టిగా అరిచాను, ఎవరికీ వినపడలేదు.
ఆపే ముందు తాళం చెక్ చేశాను. నాలుగు చుట్లు లేవు. సార్ చేతులు మాత్రం ప్రొపెల్లర్ వైపు సగం దాకా వెళ్లాయి. రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, పాపం.
ఎక్కే ముందు కుప్పమ్మ ముక్కును మూడుసార్లు తాకి కళ్లకద్దుకున్నాను. ఊరికే.

జూన్ 27
ఉదయం 6.20. కొత్తగా చేరిన భానుప్రియ కుప్పమ్మ దగ్గర నిలబడింది. ముక్కును తాకింది. ఒకటి, రెండు, మూడు. కళ్లకద్దుకుంది.
"మొన్న నువ్వు చేస్తుంటే చూశాను. ఇది ఎందుకక్కా?"
నా నోట్లోంచి వచ్చేసింది: "చేయల్ల, అంతే."
ఆ పిల్ల తలూపి, నోట్‌బుక్ తీసి రాసుకుంది.

6.50. తీర్మానం. ముప్ఫై రోజులు. ఇది మొదటి రోజు.
మొదటి పని: భానుప్రియ నోట్‌బుక్‌లో ఆ లైను కొట్టేయించడం.