సరిహద్దు దాటని దాది

తమ్ముడూ,

నువ్వు చేసింది కూతురి పెళ్లి కాదు, రెండు రాజ్యాల బేరం. వరుడు రాకపోతే అతని రాయబారిని పక్కన నిలబెట్టి తంతు కానిచ్చావు. "అత్తా, నన్ను కట్టుకున్నది ఈ బోసినోటి తాతేనా?" అంటూ ఒట్టీలియా నవ్వబోయి ఏడ్చేసింది.

రేపు సరిహద్దులో, ఆచారమంటూ, దాన్ని పెంచిన దాదిని వెనక్కి పంపేస్తారట. నా పెళ్లికీ అదే చేశారు. పదకొండేళ్లు ఆ కోటలో నా భాషలో పలకరించే మనిషి లేదు. "రాణివి, నీకేం తక్కువే అక్కా?" అని రాశావు. ఇదే తక్కువ.

పిల్లను నా చేతుల మీదుగానే అప్పగించాలని ఒడంబడికలో రాయించింది నువ్వే. కనుక ఇవి ఒప్పుకునేదాకా మా బండి మేం దిగిన ఈ సత్రం దాటదు:

దాది వాల్‌బుర్గా దానితోనే వెళ్లాలి.

దాని ఉత్తరాలు ఎవరూ విప్పకూడదు.

పిల్ల అక్కడ ఉండలేనంటే, నువ్వే వెళ్లి తెచ్చుకోవాలి.