పచ్చరంగు మీద వేసిన నల్లరంగు

భిలాయి, క్యాంప్ 1 కాపురస్తుడు, కీర్తిశేషులు బొడ్డేపల్లి గురువులు కుమారుడు, డెబ్బై ఆరేళ్ల వయసు గల బొడ్డేపల్లి అప్పలసూరి అనే నేను, నా తదనంతరం అమలు జరగవలసిందిగా నా సొంత దస్తూరీతో రాసుకున్న వీలునామా.

నాకు షుగరు ఉంది, బీపీ ఉంది, కుడి చెవి వినపడదు. మతి మాత్రం స్థిరంగా ఉందని డాక్టరు గారు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను. అదీ పోయి ఉంటే ఈపాటికి సుఖపడేవాణ్ణి. ఇది రాయమని నన్నెవరూ బలవంతం చేయలేదు. బలవంతం చేసేవాళ్లుంటే ఇరవై ఏళ్ల కిందటే రాసేవాణ్ణి. ఇంతకు ముందు రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దయినట్టు ప్రకటిస్తున్నాను. వాటిలో ఇల్లూ కార్ఖానా ఉన్నాయి గాని అసలు సంగతి లేదు.

1. ఈ వీలునామాను అమలు జరపవలసిన వారు దుర్గ్ వకీలు సత్యప్రసాద్ గారు. నా కొడుకు రవికాంత్‌ను నియమించకపోవడానికి కారణం ఆరో క్లాజులో ఉంది.

2. క్యాంప్ 1లోని ఇల్లు రవికాంత్‌కు సర్వహక్కులతో చెందుతుంది. వాడు సెక్టర్ 6లో లీజు క్వార్టరు తీసుకుని వెళ్లిపోయాడు గనక దీన్ని అమ్ముకుంటాడు. అమ్ముకోనివ్వండి. ఈ గోడల మధ్య పడ్డ అవస్థ నాతో పోతే చాలు.

3. నా భార్య సూర్యావతి కుట్టుమిషను, ఆమె కత్తెర, బొత్తాల డబ్బా లారీ డ్రైవరు ధర్మయ్య కూతురు సుచిత్రకు చెందాలి. సెక్టర్ 4 బడిలో ఏడో తరగతి చదివేటప్పుడు తోటిపిల్లలు సుచిత్రను 'ఖూనీ డ్రైవర్ కీ బేటీ' అని ఏడిపించేవారు. ఆ పిల్ల బడి ఎగ్గొట్టి మా ఇంటికొచ్చి, ఈ మిషను పక్కన కూర్చుని ఏడ్చేది. ఒకరోజు సూర్యావతి నన్ను నిలదీసింది. "ఏటండీ, ధర్మయ్య నిజంగానే బండి మీద కునుకు తీసినాడంటారా?" నాకేం తెలుసన్నాను. ఆమె ఆ మాట నమ్మి, నమ్మకంతోనే పోయింది.

4. లారీల కంపెనీలో కొనుగోళ్లు చూసిన రమాకాంత్ గారు బతికి ఉంటే, ఉత్తమ సరఫరాదారు అంటూ వారి కంపెనీ నాకిచ్చిన గోడ గడియారం వారికి తిరిగి చేర్చాలి. కంపెనీ పేరు రాయను. వాళ్ల వకీళ్లంటే నాకింకా భయమే. ఆ కంపెనీ బజారుకు లారీలు చేసేది, మిలటరీకీ చేసేది. చాసిస్ ఒకటే, చక్రాల మీద బరువు మోసే కమాను కట్టలూ ఒకటే. ఆ కమాన్లు చేసేది నేను. మిలటరీ వాటికి పచ్చరంగు, బజారు వాటికి నల్లరంగు వేసేవాళ్లం. పచ్చవి చూడడానికి మిలటరీ ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. నల్లవి చూసుకోవలసింది నేనే.

2003 జూలైలో షెడ్డు కారి, ఉక్కును ముంచి చల్లార్చే నూనెతొట్టిలో వాననీరు చేరింది. ఎర్రగా కాలిన ఉక్కును నీళ్లు కలిసిన నూనెలో ముంచితే కంటికి ఆనని పగుళ్లు వస్తాయి. తెలియక కాదు. తొట్టి ఖాళీ చేస్తే మూడు రోజులు పని ఆగుతుందని చేయలేదు. ఇన్‌స్పెక్టరు పచ్చరంగు గీకించి, కిరసనాయిలు పూయించి, తుడిచి, సుద్దపొడి చల్లి చూశాడు. పగుళ్లు గీతలుగా తేలాయి. ముప్పై ఒకటో నంబరు లాటు మొత్తం కొట్టేసి, గ్యాస్‌తో ముక్కలు చేయమని రాసి వెళ్లాడు. ముక్కలు చేసినట్టు రమాకాంత్ గారు కాగితం మీద సంతకం పెట్టారు. టీ బడ్డీ దగ్గర మాత్రం నా భుజం తట్టి, "సూరి భయ్యా, ఫౌజ్ కా రిజెక్ట్, పబ్లిక్ కా పాస్" అన్నారు, మిలటరీ కాదన్నది జనానికి చెల్లుతుందని. నేను నవ్వాను. రెండు రోజుల్లో పచ్చరంగు మీద నల్లరంగు వేయించి, ఒక్కటి కూడా తగ్గకుండా పంపించాను.

5. నా ఇనప బీరువా అడుగు అరలో, గోనెగుడ్డలో చుట్టిన కమాను ముక్క ఒకటుంది. దాన్నీ ఈ వీలునామా నకలునూ ధర్మయ్య కేసు విన్న కోర్టుకు అందజేయాలి.

గొర్లె ధర్మయ్యది మా ఊరే. 1976లో వాణ్ణి భిలాయి తీసుకొచ్చింది నేను. స్టీరింగు పట్టుకోవడం నేర్పించింది నేను. 2004 ఫిబ్రవరిలో, పట్టపగలు, కేశ్‌కాల్ ఘాట్ దిగుతుండగా వాడి లారీ ఒక్కసారిగా కుడికి లాగేసి, ఎదురుగా వస్తున్న జీపును గుద్దింది. జీపులో ముగ్గురు పోయారు. ధర్మయ్యకు తుంటి విరిగింది. పెద్దదిక్కుగా మర్నాడు నేనే అక్కడికి వెళ్లాను. ముందు కమాను పెద్దపట్టీ రెండుగా విరిగి ఉంది. విరిగిన చోట సగం తుప్పుపట్టి నల్లగా ఉంది, సగం కొత్తగా మెరుస్తోంది. అంటే సగం ముందే పగిలి ఉంది. గోరుతో గీకాను. నలుపు కింద పచ్చ. దాని పక్కనే నా కార్ఖానా గుర్తు, ముప్పై ఒకటి. బండిని పరీక్షించే అధికారి రాకముందే ఆ ముక్కను సంచిలో వేసుకున్నాను. మిగిలిన ముక్కను పైపైన చూసి ఆయన, గుద్దుకోవడం వల్ల విరిగిందని రాశాడు.

ఇంతవరకే అయితే నేను దొంగను. ఆ తరువాత చేసినదానికి పేరేమిటో నాకు తెలియదు. ఆస్పత్రి మంచం మీద ధర్మయ్య నా చెయ్యి పట్టుకుని, "కన్ను మూతడిపోనాదేటో సూరన్నా, నాకేటీ గేపకం లేదు" అన్నాడు. బండి ఎందుకు లాగేసిందో వాడికి అంతుపట్టలేదు. నిద్రే అయ్యుంటుందని తనకు తాను చెప్పుకున్నాడు. కోర్టులో కూడా అదే చెప్పాడు. రెండేళ్లు జైల్లో ఉన్నాడు. లైసెన్సు పోయింది. వాడి భార్య పైడమ్మ సెక్టర్ 6లో ఇడ్లీ బండి తోసి పిల్లను పెంచింది. ఇన్నేళ్లుగా ఏటా ప్రమాదం జరిగిన తేదీన ధర్మయ్య ఫరస్‌గావ్ అవతలి ఊరికి వెళ్లి, ఆ ముగ్గురి ఇళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. మొదట్లో తరిమికొట్టారు. ఇప్పుడు మంచినీళ్లిస్తున్నారట. ప్రతిసారీ వాణ్ణి బస్సెక్కించేది నేనే. "పోయిరా" అని చేయి ఊపేదీ నేనే.

ఎందుకు చెప్పలేదంటే, మొదట కార్ఖానా కోసం. తరువాత సూర్యావతి ముఖం చూడలేక. ఇప్పుడు కారణం ఇంకా చిన్నది. సూర్యావతి పోయాక నా గడప తొక్కేది ధర్మయ్య ఒక్కడే. చెబితే ఆదివారం రాడు.

6. కార్ఖానా రవికాంత్‌కు చెందుతుంది. అయితే ఐదో క్లాజు అమలయ్యాకే. వాడికి ఈ మధ్య మిలటరీ బండ్ల విడిభాగాల పెద్ద ఆర్డరు వచ్చింది. వాడికి నిజం తెలుసు, నేనే చెప్పాను. "నాన్నా, ఇరవై సాల్ అయిపోయింది, ఛోడ్ దో. ఇప్పుడు బయటపెడితే ఆర్డర్ క్యాన్సిల్ అవుద్ది, ముప్పై మంది రోడ్డున పడతారు" అన్నాడు. వాడి మాటలో అబద్ధం లేదు. నేనూ అప్పట్లో అచ్చం ఇలాగే మాట్లాడేవాణ్ణి. అందుకే బీరువా తాళం వాడికి ఇవ్వకుండా వకీలు గారికి ఇచ్చాను.

7. మా వీధి రామమందిరంలో నా ఫొటో పెట్టకూడదు. జైలు నుంచి వచ్చిన ఏడాది ధర్మయ్య నవమికి పానకం పంచుతుంటే, హంతకుడి చేత్తో ఇచ్చింది తాగేది లేదని బిందె లాక్కున్నారు. ఆ బిందె వాడి చేతిలోంచి నా చేతికి మార్చారు. నేను పంచాను. అందరూ తాగారు.

8. సాక్షిగా ఉండేవాడికి ఆస్తి రాయకపోవడమే మేలని సత్యప్రసాద్ గారు చెప్పారు. అందుకని ధర్మయ్యకు వస్తువేదీ రాయలేదు. సాక్షిగా మాత్రం వాణ్ణే పిలిపించాను. సాక్షి నా సంతకం చూస్తే చాలు, లోపల రాసింది చదవనక్కర్లేదని చట్టం. కానీ వాడికి తెలుగు చదవడం వచ్చు. ఐదో క్లాజు ఉన్న కాగితం పైన పెట్టి, నా కళ్లజోడు దాని పక్కన ఉంచుతాను. నేను నోరు తెరవలేను గాని, వాడు చదువుతుంటే ఆపను. వాడికి డెబ్బై దాటాయి, గుండె మంచిది కాదు. నాకంటే ముందు వాడే పోతే, ముగ్గురిని చంపాననుకుంటూనే పోతాడు. నాకు రోజూ ఇదొక్కటే భయం.

ఇది నా చివరి వీలునామా. దీని తరువాతి తేదీతో నా పేరున మరొకటి కనిపిస్తే, అది నా పిరికితనం రాసిందని అందరూ గ్రహించాలి.

భిలాయి, 2025 నవంబరు 16, ఆదివారం.

(సంతకం) బొడ్డేపల్లి అప్పలసూరి

సాక్షులు:

1. రాజ్‌కిరణ్, పక్కింటివారు, రైల్వే ఉద్యోగి. తెలుగు మాట్లాడతారు, చదవలేరు.

2. గొర్లె ధర్మయ్య, మాజీ లారీ డ్రైవరు, క్యాంప్ 1.

రెండో సాక్షి సంతకం గురించి నా దస్తూరీతో చేర్చినది: ధర్మయ్య ఈ కాగితం ముందు పావుగంట కూర్చున్నాడు. టీ తాగాడు. పక్కనున్న నా కళ్లజోడు తీసి, పంచె కొంగుతో అద్దాలు తుడిచి, నా చేతికే ఇచ్చాడు. "నువ్వు రాసినాక నాను సదివేదేటి సూరన్నా, ఎక్కడెట్టాలో సెప్పు" అన్నాడు. వేలు పెట్టి చోటు చూపించాను.