అన్నిటికీ అవుననే కుర్రాడు

గౌరవనీయులైన తాండరి రొజాలియా గారికి,

సెగెడ్ నుంచి వేసవి భాషా శిబిరం కార్యదర్శి ఇల్దికో నమస్కరించి రాయునది. మీ ఇంట్లో గది ఇస్తామన్నందుకు చాలా సంతోషం. సోమవారం వచ్చే కుర్రాడి పేరు ఎస్కో. ఫిన్లాండ్ వాడు, ఒకరకంగా మన బంధువే. హంగేరియన్ నేర్చుకుంటున్నాడు కనక అతనితో మన భాష తప్ప ఇంకేదీ మాట్లాడకండి.

ఇట్లు,
బెరెట్వాష్ ఇల్దికో

తా.క.: మాట్లాడకపోతే కోపం వచ్చిందనుకోకండి. వాళ్ల దేశంలో అది మర్యాద.

*

ఇల్దికో అమ్మాయికి,

మీవాడు చేరాడు. మన భాష తప్ప ఇంకేదీ మాట్లాడొద్దన్నావు, నాకు ఇంకేం వచ్చని? బంధువని రాశావు గానీ ఎవరి తరఫో రాయలేదు. నా పుట్టింట్లో అంత పొడుగువాళ్లు లేరు. తొంభై దాటిన మా అత్తగారు వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని అడిగింది.

"ఉత్తరాన్నించి వచ్చావా?"

"అవును."

"మా గెర్గెయ్ మనవడివా?"

"అవును."

గెర్గెయ్ అంటే మా ఆయన వెండెల్‌కి అన్న. పంతొమ్మిదేళ్లప్పుడు యుద్ధంలో రష్యావాళ్లకి పట్టుబడ్డాడు, మళ్లీ రాలేదు. ఆవిడ ఆ పేరెత్తి ఎన్నేళ్లయిందో. ఇల్లంతా ఏడుపు.

ఉంటాను,
రొజాలియా

తా.క.: ముందే చెప్పి ఉంటే రెండు కోళ్లు కోసేదాన్ని కదమ్మా.

*

గౌరవనీయులైన రొజాలియా గారికి,

తప్పు నాదే. బంధుత్వం మనుషులకి కాదు, భాషలకి. కొన్ని వేల ఏళ్ల కిందట వాళ్ల భాషా మన భాషా ఒకటేనట, తర్వాత విడిపోయాయి. ఎస్కో మీకు ఏమీ కాడు. అతనికి వచ్చిన మాట "అవును" ఒక్కటే. క్లాసులో "పెళ్లయిందా?" అంటే అవునన్నాడు. "నువ్వు అమ్మాయివా?" అన్నా అవునన్నాడు. పెద్దావిడకి నెమ్మదిగా చెప్పండి.

భవదీయురాలు,
ఇల్దికో

తా.క.: అతను కోడికూర తినడు. వద్దనడం రాక తింటున్నాడు.

*

అమ్మాయ్ ఇల్దికో,

చెప్పాను. "వేల ఏళ్ల కిందట విడిపోయినవాళ్లు ఇప్పుడొచ్చారంటే ఇంకా మర్యాద చెయ్యాలి" అంది ఆవిడ. మూడు వారాలుగా రోజూ పొద్దున్నే బఠానీకాయలు ముందేసుకుని వాడికి మాటలు నేర్పుతోంది. తప్పు పలికితే గరిటెతో బల్ల మీద కొడుతుంది. పాఠం అయ్యాక మళ్లీ అదే ప్రశ్న: "నువ్వు మా గెర్గెయ్ మనవడివేనా?" వాడు అవునంటాడు. ఆవిడ నిట్టూర్చి కాయలు ఒలుచుకుంటుంది.

ఇక మా ఆయన. ద్రాక్షతోటలో అన్న వాటా వీడికి పోతుందని తాడు పట్టుకుని తోట కొలుస్తున్నాడు. "నీకు తోట కావాలట్రా?" అని వాణ్ణే అడిగాడు. ఏమన్నాడో నీకు వేరే చెప్పాలా?

నీ,
రొజాలియా

తా.క.: మనవడు దొరికాడని ఆదివారం చర్చిలో కృతజ్ఞతా పూజ. ఫాదర్ గారు ఊరంతా చెప్పేశారు.

*

రొజాలియా గారికి,

పూజ ఆపించండి! ఈ సంగతంతా ఎస్కోకి ఇవాళే అర్థమయింది. నా గదిలోకొచ్చి చాలాసేపు ఊరికే కూచున్నాడు. అది మామూలే. తర్వాత "మామ్మ ఎదురుచూసే మనిషిని నేను కాదు. ఆవిడ ముందు ఎలా నిలబడను?" అన్నాడు. కళ్లలో నీళ్లు. నేనొచ్చి చెబుతానన్నాను. తనే చెప్పాలట.

ఆ మాటలన్నీ మీ ఊరి యాసలోనే అన్నాడు. పక్కనున్న మా శిబిరం ప్రొఫెసర్ గారు తమ అమ్మమ్మ పోయాక ఆ పలుకు మళ్లీ వినలేదట. పాపం, వాడి ఏడుపు పట్టించుకోకుండా "ఆ రెండో ముక్క ఇంకోసారి అను బాబూ" అన్నారు.

కంగారులో,
ఇల్దికో

తా.క.: ఎస్కోకి తోట అక్కర్లేదు. కలుపు తీయడానికి వస్తావా అని అడుగుతున్నారనుకున్నాడట.

*

ఇల్దికో తల్లీ,

శనివారం భోజనాల దగ్గర వాడు లేచి నిలబడ్డాడు.

"మామ్మా, నేను గెర్గెయ్ గారి మనవణ్ణి కాను. మాటలు రాక అవునన్నాను. మీకు లేనిపోని ఆశ పెట్టాను. నన్ను క్షమించండి."

మా అత్తగారు రొట్టె కింద పెట్టింది.

"హమ్మయ్య, అన్నావురా!" అంది. "నాకు మర్నాడే తెలిసింది. 'నువ్వు మా ఆవువా?' అంటే కూడా అవునన్నావుగా."

నాకు ఒళ్లు మండింది. "మరి రోజూ ఎందుకడిగారు అత్తయ్యా? ఊరంతా గోల చేశాం!"

"ఊరి సంగతి నాకెందుకే? అవునని మా దూడైనా తలూపుతుంది. పెద్దవాళ్ల మొహం మీద, మనసు నొప్పించకుండా కాదనాలంటే భాష రావాలి. అంతదాకా పాఠం ఆపకూడదనుకున్నాను. ఇవాళ ఒక్క తప్పు పోలేదు." వాణ్ణి వంగమని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. తర్వాత మెల్లిగా నాతో అంది: "మొదటి రోజు మాత్రం నిజంగానే అడిగానే."

పూజ ఆపలేదు. గెర్గెయ్ ఆత్మశాంతి కోసం చెయ్యమని ఆవిడే చెప్పి పంపింది. బతికున్నవాడికి ఆ పూజేమిటని ఇన్నేళ్లూ ఒప్పుకోని మనిషి. చర్చిలో ఎస్కో చెయ్యి పట్టుకుని చివరిదాకా నిలబడే ఉంది.

ప్రేమతో,
రొజాలియా

తా.క.: వచ్చే వేసవికి వాగుడుకాయ ఇటలీవాణ్ణి ఎవణ్ణయినా పంపమంటోంది. నోరు మూసుకోవడం నేర్పుతుందట.